మోదుగకుంట పార్కు క్యాలెండర్

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే రోడ్డుకు కాస్త లోపలగా మోదుగకుంట కాలనీ ఉంది. పేరులో ఉన్న కుంట లేఅవుట్ వేసిన రోజుల్లోనే పూడిపోయింది. మోదుగ మాత్రం ఒకటి మిగిలింది, కాలనీ పార్కులో.

ఆ కాలనీలో పద్మజ అనే ఆవిడ ఉంటుంది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరైంది. రిటైరైన నెలకే ఆవిడను ఒక సంగతి ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. మోదుగ పువ్వు బొమ్మను బోర్డు మీద కనీసం వెయ్యిసార్లు గీసి ఉంటుంది. ఆ పువ్వు ఏ వారంలో విచ్చుకుంటుందో మాత్రం తెలియదు. ఆ వారాల్లో ఎప్పుడూ ప్రాక్టికల్ పరీక్షల పనిలోనే ఉండేది మరి.

అందుకని జనవరి మొదటి ఆదివారం ఉదయం ఏడింటికి ఫోను పట్టుకుని పార్కుకు వెళ్లింది. తూర్పు గేటు పక్కన నీళ్ల వాల్వు మీద ఒక సిమెంటు మూత ఉంది. దాని మీద నిలబడితే ఎండ వీపుకు తగులుతుంది, ఎదురుగా పడమటి గోడ వరకు ఐదు చెట్లూ ఒకే ఫోటోలో పడతాయి. ముందు ఆకాశమల్లి, తర్వాత కానుగ, మోదుగ, బూరుగు, చిట్టచివర గోడకు కొంచెం ఇవతల రేల. ప్రతి ఆదివారం అదే మూత, అదే సమయం, అదే ఎత్తు. దగ్గరికి లాగి తీయకూడదు, తీశాక అంచులు కత్తిరించకూడదు. ఇవి పద్మజ తనకు తాను పెట్టుకున్న నియమాలు.

పార్కు పని చూసేది గాలయ్య. వాళ్లది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. చేపల పని తగ్గాక గాలయ్య వల పక్కన పెట్టి పలుగూ చీపురూ పట్టుకున్నాడు.

"గాలయ్యా, ఆదివారం నేను ఫోటో తీసేదాక ఊడ్వకు. రాలిన ఆకు కూడా కనపడాలె," అంది పద్మజ మార్చిలో, కానుగ ఆకులు చాపలా పరుచుకున్న రోజున.

"ఊడ్వకుంటె సెక్రటరీ సారు నన్ను ఊడుస్తడు మేడం," అన్నాడు గాలయ్య.

అన్నట్టే అయింది. కాలనీ అసోసియేషన్ సెక్రటరీ శ్రవణ్ ఇంట్లో కూర్చుని కంపెనీ పని చేస్తాడు, పార్కులో నడుస్తూ కాలనీ పని చేస్తాడు. ఆ రోజే వాట్సాప్ గ్రూపులో రాశాడు: "పార్కులో ఆకులు పేరుకుపోయాయి. దయచేసి ఋతువులను ఎవరి ఇంట్లో వారు జరుపుకోగలరు." దాని మీద మూడు వారాలు చర్చ నడిచింది. ఓటింగు కూడా పెట్టారు. ఆకు చెత్తా కాదా అన్న విషయంలో కాలనీ రెండుగా చీలింది. చివరికి ఆదివారాలు ఏడుంబావు వరకు ఆకులు నేల మీద ఉండవచ్చునని తీర్మానం చేశారు.

తీర్మానం తర్వాత పద్మజకు పేరొచ్చింది. ఆవిడ ఆదివారం ఫోటో పెట్టగానే గ్రూపులో చప్పట్లు పడేవి. మోదుగ ఫిబ్రవరి మూడో వారంలోనే విచ్చుకుందని పాత ఫోటోలు పెట్టి రాస్తే, కొందరు అదేదో తామే విప్పినంత సంతోషపడ్డారు. మేలో రేల పసుపు గుత్తులు వేలాడేసింది. ఆ ఫోటోను యాప్రాల్‌లో ఉండే బంధువులకు కూడా పంపుకున్నారు.

పార్కు గోడకు అవతల ఉన్న భూమి అన్వేష్ రెడ్డిది. అసలు కాలనీ మొత్తం ఒకప్పుడు వాళ్ల పొలమే. తండ్రి పోయాక, తల్లి ఇందిరమ్మ పేరు మీదున్న భూమిని ప్లాట్లు చేసి అమ్మారు. మిగిలిన ముక్కలో అన్వేష్ ఇప్పుడు ఫంక్షన్ హాలు కడుతున్నాడు. వార్డు ఎన్నికల్లో నిలబడాలని కూడా ఉంది. ముప్పై ఆరేళ్లవాడు, ఎప్పుడు చూసినా అప్పుడే ఇస్త్రీ పెట్టె కిందినుంచి వచ్చినట్టుంటాడు. కాలనీలో డెబ్బై ఏళ్లవాళ్లు కూడా అన్నా అనే పిలుస్తారు.

జూన్ మొదటి వానకు పార్కు పడమటి గోడ కూలింది. అసోసియేషన్ వాళ్లు ఆఫీసులకు అర్జీలు రాద్దామనుకుంటూ ఉండగానే అన్వేష్ వచ్చాడు.

"అర్జీలెందుకు సార్? నేనున్న గద," అన్నాడు.

రెండు రోజుల్లో ప్రీకాస్ట్ గోడ లేచింది. సిమెంటు కడీలు పాతి, మధ్యలో పలకలు దించారు. మంగళ బుధవారాలు, జనమంతా పనుల్లో ఉన్న వేళ. పనిలో పనిగా నడకదారికి కొత్త టైల్స్ కూడా వేయించాడు. ప్రారంభోత్సవం నాడు మిర్చి బజ్జీలు తింటూ కాలనీ మొత్తం చప్పట్లు కొట్టింది. అక్టోబరులో ఇటుకల లారీ ఒకటి వెనక్కి వస్తూ ఆ గోడను గుద్దింది. మళ్లీ రెండు రోజుల్లో గోడ లేచింది, మళ్లీ టైల్స్ సర్దారు, మళ్లీ బజ్జీలు వచ్చాయి.

ఆ ఏడాది కాలనీ ఆరోగ్యం కూడా బాగుపడింది. "ఎండకాలంల పది రౌండ్లకే ఆయాసమొచ్చేది. ఇప్పుడు గంటల పద్నాలుగు కొడుతున్న," అని శ్రవణ్ అందరికీ చెప్పేవాడు. ఉదయం నడిచేవాళ్లందరిదీ అదే అనుభవం. కొత్త టైల్స్ మహిమ అనుకున్నారు.

పద్మజ కళ్లెప్పుడూ కొమ్మల మీదే ఉండేవి. గోడ ఆరడుగులే, చెట్ల తలలన్నీ దాని పైనుంచి కనిపిస్తూనే ఉన్నాయి. ఎక్కడ చిగురు వేసింది, ఎక్కడ కాయ ముదిరింది అని చూసుకునేది. నవంబరులో బూరుగు ఆకంతా రాల్చేసింది. మామూలుగా అయితే ఇంకో నెల పట్టాలి. పద్మజ కంగారుపడి గ్రూపులో ఇంత పొడుగు వ్యాసం రాసింది: వాతావరణ మార్పు మన గుమ్మంలోకి వచ్చేసింది, బూరుగు చెట్టే సాక్ష్యం అని. ఎనభై నాలుగు మంది బొటనవేలు చూపించారు. శ్రవణ్ ఆ వారం కారు తీయకుండా స్కూటర్ మీద తిరిగాడు.

డిసెంబరు రెండో వారంలో అన్వేష్ స్వయంగా పద్మజ ఇంటికి వచ్చాడు.

"మేడం, మీ ఫోటోలు మస్తున్నయ్. వార్డు మొత్తానికి క్యాలెండర్ అచ్చేపిద్దామనుకుంటున్న. పన్నెండు నెలలకు మీయి పన్నెండు ఫోటోలు. కింద చిన్నగ నా బొమ్మ."

"చిన్నగనేనా?"

"మీ చెట్టు కంటె చిన్నగనే మేడం. ఒట్టు."

పద్మజ ఒక వేలు ఎత్తింది. "ఒక్క షరతు. ఒక్క ఇంచు కూడ కత్తిరించొద్దు. చెట్లు, గడ్డి, గోడ, ఉన్నది ఉన్నట్టు రావాలె. లేకుంటె నెలకు నెలకు తేడా తెల్వదు."

"గోడ తీసేస్తనా మేడం? కట్టించిందే నేను. అది జర మంచిగనే కనపడాలె," అన్నాడు అన్వేష్.

క్యాలెండర్ పని జోరుగా సాగింది. అన్వేష్ పన్నెండు భంగిమల్లో ఫోటోలు దిగాడు. జనవరికి స్వెట్టరు వేసుకుని, మార్చికి బుగ్గలకు రంగు పూసుకుని, మే నెలకు మజ్జిగ గ్లాసు పట్టుకుని, జులైకి గొడుగు వేసుకుని, అక్టోబరుకు బతుకమ్మకు దండం పెడుతూ. దీనికి రెండు రోజులు పట్టింది. ప్రెస్సు నుంచి నమూనా వస్తే మూడుసార్లు వెనక్కి పంపాడు. ఆగస్టులో పాపిడి వంకర వచ్చింది, నవంబరులో కన్ను చిన్నదైంది. పార్కు ఫోటోల్లో తప్పులేమీ లేవనే అనుకున్నాడు, ఎందుకంటే వాటిలో తను లేడు.

డిసెంబరు ఆఖరి ఆదివారం పార్కులో షామియానా వేశారు. రెండు వందల మంది దాకా వచ్చారు. కుర్చీ కుర్చీ మీద ఒక క్యాలెండర్ ముందే పెట్టి ఉంచారు. వేదిక మీద అన్వేష్, శ్రవణ్, పద్మజ, మధ్యలో ఇందిరమ్మ. తల్లి చేత మొదటి ప్రతి తెరిపించాలని అన్వేష్ కోరిక. ఆమెకు డెబ్బై రెండేళ్లు. లేఅవుట్ అయ్యాక ఈ పార్కులోకి రావడం ఇదే మొదటిసారి. మోకాళ్ల నొప్పులు, పైగా తన పొలంలోకి గేటులోంచి రావడం ఆమెకు ఇష్టం లేదు.

శ్రవణ్ మైకు ఆమె ముందుకు జరిపాడు. "అమ్మగారు రెండు మాటలు చెప్తారు."

"మాటలేం జెప్పాలె బిడ్డా. నాకు సదువు రాదు, బొమ్మలు జూస్త," అని ఇందిరమ్మ కళ్లద్దాలు సర్దుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. మైకు ఆన్‌లోనే ఉంది.

జనవరి, ఫిబ్రవరి, మార్చి తిప్పింది. మే దగ్గర ఆగి మురిసిపోయింది. "గీ రేలచెట్టు కిందనే మేము సద్ది తినేటోళ్లం," అంది. జులై తిప్పింది. మళ్లీ మే నెలకు వెళ్లింది. మళ్లీ జులైకి వచ్చింది.

"అన్వేషూ, గీ రేలచెట్టు ఎటువోయిందిరా?"

"ఉన్నది గదనే అమ్మా. గోడ మీదికెల్లి కొమ్మలు కనపడుతలెవ్వా?"

"కొమ్మలు కనపడుతున్నయ్. మొదలేది? నువ్వు మజ్జిగ తాగే కాడ గోడకు ముంగట ఉన్నది, గొడుగు వట్టిన కాడ గోడకు ఎనుకున్నది. చెట్టు గోడ దుంకిందా?"

షామియానాలో కొందరు నవ్వారు. అన్వేష్ కూడా నవ్వాడు. "ఫోటో అట్ల వచ్చిందే. యాంగిల్."

ఇందిరమ్మ వేలు తడి చేసుకుని నవంబరు తీసింది. "మరి గీ బూరుగు? ఇది గూడ యాంగిల్ల దుంకిందా?"

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. రెండు వందల క్యాలెండర్లు ఒక్కసారిగా తెరుచుకున్న చప్పుడు వినిపించింది. అందరూ మే నెలకు వెళ్తున్నారు, జులైకి వస్తున్నారు, నవంబరుకు పోతున్నారు. ముందు వరుసలో ఒక పిల్ల క్యాలెండర్‌ను ఒళ్లో నిలబెట్టి, పేజీల అంచులను బొటనవేలితో గబగబా వదిలింది. "నాయనమ్మా, గోడ నడుస్తుంది!" అని అరిచింది. పక్కవాళ్లూ అలాగే చేసి చూశారు. నిజమే. పన్నెండు పేజీలు ఒక్క ఊపులో వదిలితే గోడ రెండు అంగల్లో ముందుకొచ్చి మోదుగ దగ్గర నిలబడుతోంది. కింద అన్వేష్ స్వెట్టరు విప్పి, మజ్జిగ తాగి, గొడుగు వేసుకుని దండం పెడుతున్నాడు.

శ్రవణ్ వేదిక దిగి, నడకదారి ఈ చివర నుంచి ఆ చివరకు అంగలు వేసి వచ్చాడు. మొహం పాలిపోయింది. భూమి పోయినందుకు కాదు. పద్నాలుగు రౌండ్లు నిజానికి పదే అని తెలిసినందుకు.

పద్మజ తన క్యాలెండర్‌ను మొదటి పేజీ నుంచి మళ్లీ తిప్పింది. యాభై రెండు ఆదివారాలు అదే మూత మీద నిలబడి అదే వైపు చూసింది. కానుగ చిగురు రాగి రంగులోంచి పచ్చగా మారడానికి రెండు వారాలు పట్టిందని నోటు పుస్తకంలో ఉంది. ఆరడుగుల గోడ నడిచి రావడం మాత్రం అందులో లేదు. చదువు రాని ఇందిరమ్మకు అరనిమిషంలో కనిపించింది.

సభ చెదిరాక పద్మజ గాలయ్యను వెతుక్కుంటూ వెళ్లింది. అతను పంపు దగ్గర పైపు చుడుతున్నాడు.

"నీకు తెలుసా గాలయ్యా?"

"తెల్వకేంది మేడం? కడీలకు గుంతలు దీసింది నేనే. రెండుసార్లు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు ఆకు రాలిందా, మొగ్గొచ్చిందా అని అడిగిన్రు. గోడ ముచ్చట ఎప్పుడన్న అడిగిన్రా?" గాలయ్య పైపు కింద పెట్టాడు. "నేను నోరు దెరిస్తె నా నౌకరి పోతది. ఫోటోకు నౌకరి లేదు గదా. అందుకే మీరు కత్తిరించొద్దన్నరని తెలిసి మంచిగైందనుకున్న."

పద్మజ వంగి పైపు కొస అందుకుని అతని చేతికిచ్చింది.

"ఇంగోటి గూడ జెప్త మేడం. బూరుగు ఆకు రాలలే. మొదట్ల బొక్కలు వొడిచి మందు వోసిన్రు. హాలు గేటుకు అడ్డమొస్తదని."

ఆ సాయంత్రం పద్మజ తన వాతావరణ వ్యాసాన్ని మళ్లీ చదువుకుంది. ఎనభై నాలుగు బొటనవేళ్లూ తన వైపే చూపిస్తున్నట్టు అనిపించింది.

మర్నాటి నుంచి అన్వేష్ మనుషులు ఇంటింటికీ తిరిగారు. క్యాలెండర్లో అచ్చుతప్పులు పడ్డాయనీ, తిరిగి ఇస్తే దేవుడి బొమ్మల క్యాలెండర్, దాంతోపాటు ఒక స్టీలు డబ్బా ఇస్తామనీ చెప్పారు. జనం గడిచిపోయిన ఏడాది క్యాలెండర్లను చుట్టి ఇచ్చి డబ్బాలు తీసుకున్నారు. మోదుగకుంట క్యాలెండర్ మాత్రం గోడల మీదే ఉంది. అల్వాల్‌లో ఒక మంగలి షాపులో గడ్డం చేయించుకునేవాళ్లు నవంబరు పేజీ తిప్పి చూసేదాకా కుర్చీ ఖాళీ చేయడం లేదట. పేట్ బషీరాబాద్‌లో ఒక టిఫిన్ సెంటర్ అతను, ఆ క్యాలెండర్ ఎక్కడ దొరుకుతుందని శ్రవణ్‌కు మూడుసార్లు ఫోను చేశాడు.

అసోసియేషన్ ఈసారి నిజంగానే అర్జీ పెడితే, జనవరి మూడో వారంలో కొలతల కోసం ఒక అధికారి వచ్చాడు. టేపు సంచిలోంచి తీయకముందే నివేదిక రాయడం మొదలుపెట్టాడు. పద్మజ పక్కన నిలబడి చదివింది: "ఛాయాచిత్రములలో గోడ స్థానము మారినట్లు కనిపించుచున్నది. అయితే ఇవి ఋతువుల మార్పును చూపుటకు తీసిన చిత్రములు గనుక, సదరు మార్పు కూడా ఋతు సంబంధమైనదిగా భావించవచ్చును."

"సార్," అంది పద్మజ, "ఏ ఋతువులో గోడలకు కాళ్లొస్తయో కూడా రాయండి. మా పిల్లలకు సిలబస్‌లో లేదు."

అధికారి పెన్ను ఆపాడు. అప్పుడే ఆటో దిగి ఇందిరమ్మ కర్ర ఊతంతో లోపలికి వచ్చింది. వెనకే అన్వేష్, ఆటో వద్దు కారులో తీసుకెళ్తానని బతిమాలుతూ. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో లేఅవుట్ కాగితం నకలు.

"గిది పార్కు జాగ అని నేను ఏలుముద్ర ఏసిన. గీ ఏలుతోనే," అని బొటనవేలు అధికారి మొహం ముందు పెట్టింది. "రేలచెట్టు అవుతల పన్నెండడుగులకు హద్దురాయి ఉంటది. మా ఆయన పాతిపిచ్చిండు. గాలయ్యా, పలుగు దే."

గాలయ్య అన్వేష్ వైపు చూశాడు. ఇందిరమ్మ గాలయ్య వైపు చూసింది. గాలయ్య పలుగు తెచ్చాడు.

గోడ అవతల, ఫంక్షన్ హాలు వాళ్లు పోసిన కంకర కింద అరగంట తవ్వాక రాయి తగిలింది. అధికారి టేపు బయటికి తీశాడు. రాయి నుంచి గోడకు యాభై ఒక్క అడుగులు వచ్చింది. నివేదికలో ఋతువుల వాక్యం కొట్టేశాడు.

"అమ్మా, నా ఇజ్జత్ దీస్తున్నవే," అన్నాడు అన్వేష్ గొంతు తగ్గించి.

"నీ ఇజ్జత్ నువ్వే మూడు వేల కాపీలు అచ్చేపిచ్చినవు గదరా. అమ్మినోళ్ల జాగ మళ్ల గుంజుకుంటవా? రేపు ఓట్లకు పోతవు. ప్రతి ఇంట్ల గా క్యాలెండర్ ఏలాడుతది. ఆళ్లు నీ మొఖం జూస్తరా, గోడను జూస్తరా?"

అన్వేష్ ఆ ప్రశ్నను ధర్మం వైపు నుంచి ఎంత ఆలోచించాడో గానీ, ఓట్ల వైపు నుంచి మాత్రం బాగా ఆలోచించాడు. నెల తిరగకముందే గోడ వెనక్కి వెళ్లింది, హద్దురాయి దగ్గరికి. ఫిబ్రవరి చివరి ఆదివారం, మోదుగ నిండా ఎర్రగా పూసిన రోజున, కాలనీ మొదట్లో పెద్ద ఫ్లెక్సీ లేచింది: "అన్వేషన్న చొరవతో మోదుగకుంట పార్కు విస్తరణ! యాభై ఒక్క అడుగుల పచ్చని కానుక!" రిబ్బను కట్టారు. బజ్జీలు వచ్చాయి.

"ఈ వార్డుల ఉన్న పార్కును పెంచిన నాయకుడు ఇంకెవరన్న ఉన్నడా?" అని అన్వేష్ మైకులో అడిగాడు. లేడని అందరూ ఒప్పుకున్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది శ్రవణే. ముందురోజే గ్రూపులో గోడ సంగతిని మొట్టమొదట గమనించిందెవరన్న విషయం మీద ఓటింగు పెట్టి, అందులో తనకు రెండో స్థానం తెచ్చుకున్నాడు.

పద్మజకు శాలువా కప్పి, నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకు తీసుకుంది.

"నవంబర్ల బూరుగు గురించి నేను రాసింది తప్పు," అంది. "కాలం మారి ఆకు రాలలేదు. చెట్టుకు విషం పోసి చంపిన్రు. ముప్పై ఏళ్లు బోటనీ చెప్పినదాన్ని, రాలిన ఆకుకు, చచ్చిన ఆకుకు తేడా గుర్తుపట్టలే. మీరందరు నాకు చప్పట్లు కొట్టిన్రు. అవి వాపసు తీసుకోండి."

షామియానాలో బజ్జీ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. అన్వేష్ ముందుగా తేరుకుని మైకు అందుకున్నాడు. "మేడం బాధ నాకు తెలుసు. అందుకే గా జాగల కొత్త చెట్టు పెట్టిపిస్తున్న. దుబాయ్ నుంచి తెప్పిచ్చిన ఈత. ఏ కాలంలనైనా ఒక్క తీరుగనే ఉంటది, ఆకు రాలదు, ఊడ్చే పని లేదు." మళ్లీ చప్పట్లు పడ్డాయి. ఈసారి గాలయ్య కూడా కొట్టాడు, ఊడ్చే పని లేదన్నందుకు కాబోలు.

పద్మజ శాలువా మడిచి సంచిలో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి, ఒక ముసలాయన, ఇద్దరు ఆడవాళ్లు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. యాప్రాల్ నుంచి వచ్చామన్నారు. అందులో ఒకామె చేతిలో చుట్టిన క్యాలెండర్ ఉంది.

"నా పేరు జయమ్మ మేడం. మీరు ఒక్క ఏడాది మా కాలనీ పార్కు గూడ ఫోటోలు తియ్యాలె," అంది ఆమె. "ప్రతి ఆదివారం ఆటో మేమే పంపిస్తం."

"ఏ చెట్లున్నయ్ మీ పార్కుల?"



"చెట్లంటె, ఒక వేపచెట్టు ఉండె, అది గూడ మొన్న కొట్టేసిన్రు," అన్నాడు ముసలాయన. "గోడలైతె నాలుగు దిక్కుల ఉన్నయ్ మేడం."

పద్మజ నోటు పుస్తకం తీసి, ఆదివారం ఎనిమిదిన్నర, యాప్రాల్ అని రాసుకుంది. "వస్త," అంది. "ముందుగాల నేను నిలబడేటందుకు ఒక చోటు చూసి పెట్టండి. ఎవ్వలు జరపలేనిదై ఉండాలె."